నలుపు చూసి కొనండి: బొమ్మలున్న క్లాసిక్ హారర్ పుస్తకాల సేకరణకు హైదరాబాద్ పాఠకుల సమగ్ర మార్గదర్శి

హారర్ పుస్తకం కలెక్టర్స్ ఎడిషన్ కొనేటప్పుడు మొదట చూడాల్సింది తోలు అట్టా కాదు, బంగారు అంచులూ కాదు. లోపలి బొమ్మల్లో నలుపు నల్లగా పడిందా లేదా అన్నది చూడాలి. ఈ కథలకు బొమ్మలు వేసిన గొప్ప చిత్రకారుల్లో చాలామంది నల్ల సిరాతోనే పని చేశారు. మెట్ల కింది చీకటి, తలుపు సందులోని నీడ, నేలమాళిగ గోడ, అన్నీ ఆ నలుపులోనే ఉంటాయి. అది బూడిదరంగులో అచ్చయిందంటే బొమ్మలో భయం మిగలదు. వేలు పోసి కొన్న పుస్తకం జిరాక్స్ కాపీలా ఉంటుంది.

ఇప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎడ్గార్ అలన్ పో 1849లో, మేరీ షెల్లీ 1851లో, బ్రామ్ స్టోకర్ 1912లో పోయారు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ళ వరకే కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఈ కథల్ని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అందుకే ఆన్‌లైన్‌లో వెతికితే 'ఇలస్ట్రేటెడ్', 'డీలక్స్', 'కలెక్టర్స్' అన్న మాటలు అట్ట మీద వేసుకున్న పుస్తకాలు కుప్పలుగా కనిపిస్తాయి. వాటిలో కొన్నింట్లో ఇంటర్నెట్ నుంచి దించిన మసక స్కాన్లు ఉంటాయి. కొన్నింట్లో చిత్రకారుడి పేరే ఉండదు. మంచివీ ఉన్నాయి, వాటిని ఏరుకోవడం తెలియాలి.

మొదటి అడుగు: కథను పట్టుకోవాలా, చిత్రకారుణ్ణి పట్టుకోవాలా?

కనిపించిన హారర్ పుస్తకమల్లా కొంటూ పోతే ఏడాది తిరిగేసరికి అల్మరా నిండుతుంది, సేకరణ మాత్రం తయారవదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది, ఒకే కథ తీసుకుని దానికి వేర్వేరు కాలాల్లో వేర్వేరు చిత్రకారులు వేసిన బొమ్మలు సంపాదించండి అని. అలా చేస్తే ప్రతి కొత్త పుస్తకాన్నీ పాతదాని పక్కన పెట్టి చూడొచ్చు, కన్ను త్వరగా పదునెక్కుతుంది.

దీనికి 'ఫ్రాంకెన్‌స్టయిన్'ని మించింది లేదు. 1818 జనవరి 1న రచయిత్రి పేరు లేకుండా మూడు భాగాలుగా వచ్చింది, వేసింది 500 కాపీలే. అందులో బొమ్మల్లేవు. మేరీ షెల్లీ తిరగరాసిన 1831 ముద్రణకు థియొడోర్ ఫాన్ హోల్‌స్ట్ ముఖచిత్రం గీశాడు. నేల మీద పడి అప్పుడే కళ్ళు తెరుస్తున్న ప్రాణి, గదిలోంచి పారిపోతున్న, దాన్ని సృష్టించిన విక్టర్. ఆ ప్రాణి ముఖంలో క్రూరత్వం కంటే అయోమయమే ఎక్కువ. సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు అది కొత్తగా ఉంటుంది. 1934లో అమెరికన్ చిత్రకారుడు లిండ్ వార్డ్ చెక్క మీద చెక్కిన బొమ్మలు వచ్చాయి. అక్కడ కండలు, కొండలు, మబ్బులు అన్నీ తెల్లటి గీతల్లో నలుపులోంచి పైకి లేస్తాయి. 1983లో బెర్నీ రైట్‌సన్ బొమ్మలు వచ్చాయి. ఆయన వేరే పనులు చేసుకుంటూ, ఎవరూ అడక్కుండానే, సుమారు ఏడేళ్ళు కూర్చుని సన్నటి కలం గీతలతో వేశాడు.

రైట్‌సన్ వేసిన ప్రయోగశాల బొమ్మ ఒక్కటి దగ్గరగా చూడండి. బల్లల నిండా గాజు సీసాలు, వంకర గొట్టాలు. వెలుగు ఒక్కో సీసా మీద ఒక్కోలా పడుతుంది. గీత ఎక్కడా పులుముకోదు. దగ్గరగా ఉన్న గీతలు నీడ అవుతాయి, దూరంగా ఉన్నవి వెలుగు అవుతాయి. నాసిరకం అచ్చులో ఈ సన్న గీతలు ఒకదానికొకటి అంటుకుపోయి సీసాలన్నీ ఒకే మరకలా కనిపిస్తాయి. ఈ పుస్తకం 2008లో డార్క్ హార్స్ నుంచి, 2020లో గ్యాలరీ 13 నుంచి మళ్ళీ వచ్చింది కాబట్టి పాత కాపీ కోసం ఆస్తులు అమ్ముకోవాల్సిన పనిలేదు.

'ఫ్రాంకెన్‌స్టయిన్' కొనేటప్పుడు లోపల ఉన్నది 1818 పాఠమా, 1831 పాఠమా అని కూడా చూసుకోండి. 1831 దానిలో, 1816లో జెనీవా సరస్సు ఒడ్డున ఈ కథ ఎలా పుట్టిందో చెప్పే ఆమె ముందుమాట ఉంటుంది. పాఠం ఏదో చెప్పని ప్రచురణకర్త బొమ్మల విషయంలోనూ శ్రద్ధ పెట్టి ఉంటాడని నేను నమ్మను.

'డ్రాకులా' విషయం వేరు. 1897లో పసుపు గుడ్డ అట్ట, ఎర్ర అక్షరాలతో వచ్చిన మొదటి ముద్రణలో బొమ్మలు లేవు. 1901లో వచ్చిన సంక్షిప్త చవక ముద్రణ అట్ట మీద మాత్రం కోట గోడ వెంబడి పాకుతూ దిగుతున్న కౌంట్ డ్రాకులా కనిపిస్తాడు. అందుకని 'డ్రాకులా, ఒరిజినల్ బొమ్మలతో' అని ఎవరైనా అమ్మజూపితే 'ఎవరు వేసినవి, ఏ సంవత్సరానివి?' అని అడగండి. మరో రక్తపిశాచి కథ 'కార్మిల్లా'కు మాత్రం నిజంగానే తొలి బొమ్మలున్నాయి. ఆ కథ 1871–72లో 'ది డార్క్ బ్లూ' పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు డి.హెచ్. ఫ్రిస్టన్ తదితరులు వేశారు. మంచి ఎడిషన్లలో అవి ఉంటాయి.

చిత్రకారుణ్ణి పట్టుకోవాలనుకుంటే హ్యారీ క్లార్క్‌తో మొదలుపెట్టండి. డబ్లిన్‌లో పుట్టి, చర్చి కిటికీలకు రంగుటద్దాలు చేసిన మనిషి. పో కథలకు ఆయన వేసిన బొమ్మలు 1919లో లండన్‌లో హారప్ వాళ్ళు అచ్చేశారు. అందులో పేజీ నిండా వేసిన నలుపు-తెలుపు బొమ్మలు 24. 1923 ముద్రణలో వాటికి 8 రంగుల బొమ్మలు చేరాయి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. క్లార్క్ నలుపు పేజీలో సగం ఆక్రమిస్తుంది. దాని మధ్యలో బట్టల మీది అల్లికలు, వేళ్ళ కొసలు, చెమ్కీల్లాంటి చుక్కలు అద్దపు ముక్కల్లా మెరుస్తాయి. ఆర్థర్ ర్యాకమ్ 1935లో ఇవే కథలకు బొమ్మలు వేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు క్లార్క్ బొమ్మలే ఎక్కువ భయపెడతాయి.

ఒక చిన్న పుస్తకం గురించి కూడా చెప్పాలి. ఎం.ఆర్. జేమ్స్ దయ్యం కథల మొదటి సంపుటి 1904లో వచ్చింది. దానికి బొమ్మలు వేయడం మొదలుపెట్టిన ఆయన స్నేహితుడు జేమ్స్ మెక్‌బ్రైడ్ మధ్యలోనే చనిపోయాడు. అప్పటికి పూర్తయినవి నాలుగే. మరో చిత్రకారుడితో మిగతావి వేయించకుండా ఆ నాలుగింటితోనే జేమ్స్ పుస్తకం తెచ్చాడు. వాటిలో ఖాళీ మంచం మీది దుప్పటి మనిషి ఆకారంగా లేచి నిలబడే బొమ్మ ఒకటి. ఆ నాలుగూ ఉన్న ఎడిషన్ ఎంత చవకదైనా సరే, దొరికితే వదలకండి.

రెండో అడుగు: కన్ను తయారు చేసుకోవడం

డబ్బు తీయకముందు నెలా రెండు నెలలు చూడటానికే పెట్టుకోండి. క్లార్క్, ఫ్రెంచ్ చిత్రకారుడు గుస్తావ్ డోరే, హోల్‌స్ట్ బొమ్మల మంచి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో కాదు, పెద్ద తెర మీద చూడండి. ఆ తర్వాత పాత అచ్చు ఎలా ఉంటుందో చేత్తో తెలుసుకోవాలి. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. అక్కడ పాత ఇంగ్లీషు పుస్తకాలు చూడటానికి అనుమతి అడగండి. హారరే కానక్కర్లేదు, బొమ్మలున్న వందేళ్ళ నాటి పుస్తకం ఏదైనా చాలు. లెటర్‌ప్రెస్ మీద, అంటే అచ్చును కాగితం మీద నొక్కే పాత పద్ధతిలో అచ్చయిన పేజీ వెనక వైపు వేలితో మెల్లగా తడిమితే అక్షరాలు, గీతలు కాగితంలోకి దిగిన ఆనవాలు తగులుతుంది. ఇప్పటి ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చయిన పేజీ నున్నగా ఉంటుంది.

పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం ఒకటి కొనుక్కోండి, వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే లాంటిది. గీతల బొమ్మ మీద అది పెట్టి చూస్తే విషయం క్షణంలో తేలిపోతుంది. గీత అంచు తెగినట్టు స్పష్టంగా, లోపల నిండు నలుపుగా ఉంటే మంచి అచ్చు. నల్లగా ఉండాల్సిన గీత చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది ఫోటోని హాఫ్‌టోన్‌గా వేసిన అచ్చు. అంచులు మెట్లు మెట్లుగా ఉంటే తక్కువ రిజల్యూషన్ స్కాన్. ఈ మూడోదాన్ని అక్కడే వదిలేసి రండి.

మన ఇళ్ళలో దీనికి మంచి పాఠ్యపుస్తకం 'చందమామ'. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలకు శంకర్ వేసిన శీర్షిక బొమ్మ చూడని తెలుగు పాఠకుడు అరుదు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. అది చవక కాగితం మీద వేసిన అచ్చు, అయినా బొమ్మలో ఏది ముందుంది, ఏది వెనక చీకట్లో ఉందో పిల్లలకు కూడా తెలిసేది. 2020లో కన్నుమూసిన శంకర్ బొమ్మల్ని ఒకసారి ఇప్పటి కంటితో చూడండి. నలుపు ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

మూడో అడుగు: జేబును బట్టి ఏవి చూడాలి

తక్కువ ఖర్చులో క్లార్క్ కావాలంటే డోవర్ వాళ్ళ కల్లా ఎడిషన్స్ 2008లో వేసిన పో పుస్తకం వెతకండి. దిట్టమైన అట్ట, మంచి కాగితం. అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ ఇష్టమైతే ఫ్రెంచ్ చిత్రకారుడు ఫ్రాన్స్వా బరాంజే పెద్ద సైజులో, పూర్తి రంగుల్లో చేసిన సంపుటాలున్నాయి. వీటిలో నలుపు-తెలుపు ఉండదు, లోతైన నీలం, బూడిద రంగు పొగమంచు మీదే నడుస్తాయి. నాకు మొదట్లో అవి సినిమా పోస్టర్లలా అనిపించాయి కానీ, రెండు పేజీల నిండా పరుచుకున్న ఆ మంచుకొండల ముందు మనిషి చుక్కంత కనిపించినప్పుడు లవ్‌క్రాఫ్ట్ చెప్పదలచుకున్నది అదే కదా అనిపించింది.

మధ్య రకం ఖర్చుకు లండన్ ఫోలియో సొసైటీ. 1947 నుంచి పనిచేస్తున్న సంస్థ. గుడ్డ అట్ట, స్లిప్‌కేస్ (పుస్తకాన్ని దోపి ఉంచే గట్టి అట్టపెట్టె), కొత్తగా వేయించిన బొమ్మలు. మామూలు ఎడిషన్లు ఎక్కువగా 50 నుంచి 100 పౌండ్ల మధ్య ఉంటాయి, పైన రవాణా ఖర్చు. అమెరికా ఈస్టన్ ప్రెస్ పుస్తకాలు తోలు అట్టతో, మూడు వైపులా బంగారు పూతతో ధగధగలాడతాయి. వాటిలో చాలాసార్లు ఉండేది హెరిటేజ్ ప్రెస్ కోసం ఎప్పుడో వేసిన బొమ్మలే. నా సలహా అయితే, ఆ హెరిటేజ్ ప్రెస్ కాపీనే వెతుక్కోండి. తోలు ఉండదు, డబ్బు చాలా మిగులుతుంది.

హెరిటేజ్ ప్రెస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. న్యూయార్క్‌లో జార్జ్ మేసీ 1929లో లిమిటెడ్ ఎడిషన్స్ క్లబ్ పెట్టాడు. ఒక్కో పుస్తకం సాధారణంగా 1500 కాపీలు, ఎక్కువ పుస్తకాలు చిత్రకారుడి సంతకంతో. అవే బొమ్మలతో మామూలు పాఠకుల కోసం వేసినవి హెరిటేజ్ ప్రెస్ పుస్తకాలు. 1965లో స్విస్ చిత్రకారుడు ఫెలిక్స్ హాఫ్‌మన్ చెక్క మీద చెక్కిన 'డ్రాకులా' బొమ్మలు ఇలాగే రెండు రూపాల్లోనూ దొరుకుతాయి. సంతకం మీద మోజు లేకపోతే రెండోది చాలు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, రెండూ పక్కన పెట్టి చూస్తే క్లబ్ కాపీలో నలుపు నిండుగా ఉంటుంది. చేతిలో సొమ్ముంటే అదే కొనండి.

మన కథ వైపు రావాలనుకుంటే, బేతాళ కథల్లో పదకొండింటిని రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులో తన ధోరణిలో చెప్పాడు. దానికి ఎర్నెస్ట్ గ్రిసే బొమ్మలు వేశాడు. బర్టన్ మాటల్లో వలస పాలకుల గొంతు గట్టిగానే వినిపిస్తుంది, అది తెలిసే చదవాలి. శంకర్ బేతాళుడి పక్కన గ్రిసే బేతాళుణ్ణి పెట్టి చూడటం మాత్రం తెలుగు సేకరణదారుకే దక్కే ఆనందం.

నాలుగో అడుగు: హైదరాబాద్‌లో వేట

ఆదివారం ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌లన్నీ పుస్తకాలే. పొద్దున తొమ్మిది, పది మధ్య వెళ్తే ఎండ ముదరక ముందే ఒక చుట్టు పూర్తవుతుంది. అమ్మేవాళ్ళతో మాట కలపడానికి వెనకాడకండి.

"అన్నా, బొమ్మలున్న ఇంగ్లీష్ బుక్స్ ఏమైనా వచ్చినయా?"

"బొమ్మలంటే పిల్లల బుక్సా? గా దిక్కు ఉన్నయి, చూసుకో."

ఆ మాట పట్టుకుని పిల్లల పుస్తకాల కుప్ప దగ్గరికే వెళ్ళండి. పెద్ద సైజు, బొమ్మలున్న పుస్తకం కనిపిస్తే చాలామంది దాన్ని పిల్లల కుప్పలోకే తోస్తారు. పో, స్టోకర్ బొమ్మల ఎడిషన్లు తగిలేది ఎక్కువగా అక్కడే, కలరింగ్ పుస్తకాలకూ ఎన్‌సైక్లోపీడియాలకూ మధ్య. నవలల వరుసలో వెతికితే మామూలు పేపర్‌బ్యాకులే దొరుకుతాయి. ఆర్ట్, ఫోటోగ్రఫీ పుస్తకాల కట్ట కూడా విప్పించి చూడండి. ఒకరిద్దరు అమ్మకందార్లకు మీకేం కావాలో ఫోన్‌లో ఫోటోలతో చూపించి నంబరు ఇచ్చి రండి. కొత్త సరుకు దిగినప్పుడు వాళ్ళే వాట్సాప్‌లో పంపుతారు. వాళ్ళకు మంచి ధర ఇవ్వండి. బేరం ఆడొచ్చు గానీ, పుస్తకం గురించి వాళ్ళకు తెలియదన్న ధైర్యంతో అసలు విలువలో పదో వంతు ఇచ్చి తెచ్చుకుంటే ఆ మనిషి మళ్ళీ మీకోసం ఏదీ పక్కన పెట్టడు.

డిసెంబర్ చుట్టుపక్కల ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో పాత ఇంగ్లీషు పుస్తకాల స్టాళ్ళు కూడా ఉంటాయి. మొదటి రోజో రెండో రోజో వెళ్ళండి, వారాంతపు రద్దీలో పుస్తకం తెరిచి బొమ్మలు లెక్కపెట్టడం కుదరదు. కిలోల లెక్కన, పెట్టెల లెక్కన అమ్మే సేల్స్ నగరంలో అప్పుడప్పుడూ పెడతారు. అక్కడ ఎక్కువ ఆశించకండి, అయినా పెద్ద సైజు పుస్తకాల బల్ల ఒకటి తప్పకుండా చూసి రండి.

ఐదో అడుగు: చేతిలోకి తీసుకున్నాక

ఈ వరుసలో చూడండి. తొందరపెట్టేవాడి దగ్గర కొనకండి.

1. ముందు టైటిల్ పేజీ. చిత్రకారుడి పేరు ఉందా? లేకపోతే ఆ పుస్తకాన్ని దాదాపు వదిలెయ్యొచ్చు.

2. దాని వెనక పేజీ. ఏ ముద్రణ, ఏ సంవత్సరం. ఆధునిక పుస్తకాల్లో అడుగున 1 నుంచి 10 దాకా ఉండే అంకెల వరుసలో అన్నిటికంటే చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. 'డ్రాకులా' అని రాసి కింద 1897 అని మాత్రమే ఉంటే అది కథ పుట్టిన సంవత్సరం, పుస్తకానిది కాదు.

3. బొమ్మల పట్టిక తీసి ఒక్కో బొమ్మా ఉందో లేదో పేజీ తిప్పి సరిచూడండి. క్లార్క్ పుస్తకమైతే 24, రంగులున్నదైతే 32 అని చెప్పానే, అది ఇక్కడికే. పాత పుస్తకాల్లో రంగుల బొమ్మలు విడిగా అచ్చేసి పేజీకి ఒక అంచున జిగురుతో అంటిస్తారు. ఫ్రేము కట్టించుకోవడానికి వాటిని పీకేసి అమ్ముకునేవాళ్ళున్నారు. పేజీల మధ్య వెన్ను దగ్గర కోసిన సన్నటి కాగితపు అంచు మిగిలి ఉంటే బొమ్మ పోయినట్టే. ఒక్క బొమ్మ పోయినా ధర సగానికి పైగా తగ్గాలి, నేనైతే అసలు తీసుకోను.

4. పుస్తకాన్ని మెల్లగా మధ్యకు తెరిచి వెన్ను పైనుంచి చూడండి. ఫారాలు (మడిచిన పేజీల కట్టలు) దారంతో కుట్టి ఉంటే వెన్ను దగ్గర మడతలు కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. విడి పేజీలు జిగురుతో అంటించినదైతే చదునుగా ఉంటుంది. మన ఎండకు ఆ జిగురు నాలుగైదు వేసవుల్లో పెళుసెక్కి పేజీలు ఊడటం మొదలవుతుంది. బొమ్మల పుస్తకం పూర్తిగా తెరుచుకోవాలి. మధ్యలో మింగేసే బైండింగ్ రెండు పేజీల బొమ్మను పాడుచేస్తుంది.

5. పరిమిత ముద్రణ అంటే వెనకో ముందో నంబరు వేసిన పేజీ ఉంటుంది. సంతకం అచ్చేసిందా, కలంతో చేసిందా భూతద్దంతో చూడండి. సిరా సంతకంలో గీత ఎక్కడో ఒత్తి, ఎక్కడో తేలిపోతుంది.

6. వాసన చూడండి. ముక్కు ఘాటెక్కే బూజు వాసన వస్తే ఎంత మంచి పుస్తకమైనా ఇంట్లో మిగతావాటి పక్కన పెట్టకూడదు. కాగితం మీద గోధుమరంగు మచ్చలు పాత పుస్తకాల్లో మామూలే, బొమ్మ మధ్యలో లేకపోతే సర్దుకోవచ్చు.

లైబ్రరీ ముద్రలున్న కాపీలను చాలామంది సేకరణదారులు తీసిపారేస్తారు. నేను అలా అనుకోను. బొమ్మల మీద ముద్ర పడనంత వరకు అది తక్కువ ధరకు వచ్చే మంచి కాపీ. 'తొలగించబడింది' అన్న ముద్ర ఉందో లేదో మాత్రం చూడండి. లేకపోతే అది ఏదో లైబ్రరీ నుంచి మాయమైన పుస్తకం కావచ్చు, అలాంటిది వద్దు.

ఆరో అడుగు: బయటి దేశం నుంచి తెప్పించడం

స్లిప్‌కేస్‌తో పెద్ద పుస్తకం ఒకటిన్నర, రెండు కిలోలు తూగుతుంది. రవాణా ఖర్చు కొన్నిసార్లు పుస్తకం ధరతో పోటీ పడుతుంది, అందుకే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకోవడం మేలు. దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం వేశారు. సుంకం లెక్కకట్టేది పుస్తకం ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద. రేట్లు మారుతుంటాయి, వ్యక్తిగత పార్శిల్‌కు లెక్క వేరుగా పడొచ్చు కాబట్టి ఆర్డర్ పెట్టే ముందే కొరియర్ వాళ్ళను అడిగి తెలుసుకోండి. కేవైసీ కోసం ఆధార్ గానీ పాన్ గానీ అడుగుతారు. దాని మెసేజ్ చూసుకోకపోతే పార్శిల్ అక్కడే ఆగుతుంది.

అమ్మేవాళ్ళకు మూడు విషయాలు రాసి అడగండి: లోపల ప్లాస్టిక్ చుట్ట, మూలలకు అట్ట ముక్కలు, పెట్టెలో పెట్టె. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఆర్డర్లు ఆపుకోగలిగితే ఇంకా మంచిది, వానలో గేటు దగ్గర వదిలేసిన పార్శిల్ గురించి టెన్షన్ పడే పని తప్పుతుంది. పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. మూల నలిగిందని చెప్పడానికి అది తప్ప వేరే సాక్ష్యం ఉండదు. పాత పుస్తకమైతే కొనకముందే బొమ్మల పట్టిక పేజీ, ఏవైనా రెండు బొమ్మలు, వెన్ను ఫోటోలు పంపమనండి. బొమ్మ ఫోటోలో నలుపు చూడండి. అది ఫోటోలోనే బూడిదగా కనిపిస్తే, పగటి వెలుతురులో ఇంకోటి తీసి పంపమని అడగండి.

ఏడో అడుగు: హైదరాబాద్ ఇంట్లో కాపాడుకోవడం

మన ఊరి వాతావరణం పుస్తకాన్ని రెండు వైపుల నుంచీ కొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండిపోయి అట్టలు వంగుతాయి, తోలు పగులుతుంది. జులై నుంచి తేమ పెరిగి బూజు పడుతుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి అల్మరాలో పెట్టండి. 45–55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు ఖాయం. అప్పుడు సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే మార్చండి. ఇనప బీరువా అయినా ఫర్వాలేదు, బయటి గోడకు ఆనించకండి, వాన పడితే ఆ గోడ చెమ్మగిల్లుతుంది. వానల్లేని రోజున ఒక గంట తలుపులు తెరిచి ఉంచండి. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో మాత్రం పుస్తకాలు పెట్టకూడదు, అది గాలిలోకి నీళ్ళు చిమ్మే యంత్రం.

కలరా ఉండలు పుస్తకాల మధ్య దోపకండి. ఆ వాసన కాగితాన్ని వదలదు, మనకూ మంచిది కాదు. మన పెద్దలు తాళపత్రాల దగ్గర వస కొమ్ము పెట్టేవారు. ఎండబెట్టిన వస కొమ్మును పల్చటి గుడ్డలో కట్టి అల్మరా మూలన ఉంచొచ్చు, పుస్తకానికి తగలకుండా. వెండి రంగులో జరజరా జారిపోయే సన్నటి పురుగులకు జిగురు, గంజి అంటే ఇష్టం కాబట్టి గుడ్డ అట్టల పుస్తకాల్ని నెలకోసారి తీసి వెన్ను లోపలి సందు చూడాలి. చెదలు కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, వెంటనే పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిచి పుస్తకాల్ని వేరే గదిలోకి మార్చండి.

ఎండ తగలకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఎల్‌ఈడీ దీపం కిందైనా సరే పుస్తకాన్ని నెలల తరబడి తెరిచి ప్రదర్శనకు పెట్టకండి, ముందు రంగుల బొమ్మలే వెలుస్తాయి. పెద్ద సైజు పుస్తకాల్ని పడుకోబెట్టండి, ఒకదాని మీద ఒకటి మూడుకు మించకుండా.

ఎనిమిదో అడుగు: సొంతంగా ఒక ఎడిషన్ కట్టించుకోవడం

తెలుగిళ్ళలో వారపత్రికల సీరియళ్ళు చింపి బైండింగ్ చేయించుకోవడం పాత అలవాటు. బేతాళ కథలకు గానీ, వారపత్రికల్లో వచ్చిన దయ్యాల సీరియళ్ళకు గానీ బొమ్మలతో సహా దొరికే మంచి రూపం చాలాసార్లు అదే. ఆబిడ్స్‌లో అలాంటి బైండు కనిపిస్తే తీసుకోండి. మీ దగ్గరే పాత సంచికలుంటే, అచ్చుపని ఎక్కువగా సాగే ఛత్తా బజార్ వైపు వెళ్ళి బైండర్ కోసం అడగండి.

ఆయనకు ఈ మాటలు కచ్చితంగా చెప్పాలి: అంచులు కట్ చేయొద్దు, పక్క కుట్టు వేయొద్దు. కట్ చేస్తే బొమ్మల చివర్లు పోతాయి, పక్కన కుడితే లోపలి వైపు రెండు వేళ్ళ వెడల్పు కనపడకుండా పోతుంది. సంచికను పిన్ను తీసి మడత దగ్గర దారంతో కుట్టమనండి. పిన్ను ఉంచేస్తే తుప్పు కాగితంలోకి దిగుతుంది. క్యాలికో అట్ట చాలు, రెగ్జిన్ వద్దు, వేసవిలో అంటుకుపోతుంది. సంచికల అట్టలు కూడా లోపలే ఉంచమనండి. బైండింగ్ నుంచి తెచ్చాక జిగురు తేమ పూర్తిగా ఆరేదాకా వారం రోజులు బయటే, బరువు కింద పెట్టి, ఆ తర్వాతే అల్మరాలోకి పంపండి.

ఇక ప్రతి పుస్తకానికీ ఒక నోట్‌బుక్ పేజీ కేటాయించండి: చిత్రకారుడు, ముద్రణ సంవత్సరం, బొమ్మల సంఖ్య, ఎక్కడ ఎంతకు కొన్నది, ఏ లోపం ఉంది. మీ పేరు పుస్తకం మీద రాయాలనిపిస్తే మెత్తటి పెన్సిల్‌తో చివరి ఖాళీ పేజీ మూలన చిన్నగా రాయండి. పెన్ను మాత్రం వాడకండి. బిల్లును పుస్తకంలో పెట్టి మరిచిపోవద్దు, ఏడాది తిరిగేలోపు అది ఎదుటి పేజీ మీద పసుపు ముద్ర వేస్తుంది. ఖరీదైన కాపీ అయితే నంబరు పేజీ, వెన్ను, నాలుగు మూలలు ఫోటోలు తీసి ఫోన్‌లో కాక మరోచోట కూడా దాచండి. ఇంటి బీమాలో చేర్చాలంటే వాళ్ళు అడిగేది ఆ ఫోటోలూ, ఆ బిల్లే.